ఏ నంబర్ పెరిగింది? – కొలెస్ట్రాల్ మీద మన కాలనీ హాల్లో డాక్టర్ గారి ప్రసంగం

(ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో డాక్టర్ గారు మాట్లాడినదాన్ని రికార్డింగ్ విని టైప్ చేశాం. రాలేకపోయినవాళ్ల కోసం. మాటలు దాదాపు ఆవిడవి ఆవిడవే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? వినిపిస్తోందా సార్? ఆ మూల ఫ్యాన్ ఒక్కటి ఆపేయండి బాబూ, చప్పుడు ఎక్కువుంది. సరే.

ముందు ఒకటి అడుగుతా. ఇక్కడ కొలెస్ట్రాల్ ఉంది అని డాక్టర్ చెప్పినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, సగం హాలు. ఎత్తే ఉంచండి, దించకండి. ఇప్పుడు మీలో పెరిగింది ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాలా, ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వా అన్నది తెలిసినవాళ్లు మాత్రం ఉంచి మిగతావాళ్లు దించండి. చూశారా? మూడో నాలుగో మిగిలాయి.

ఇవాళ నేను చెప్పేదంతా ఈ దిగిపోయిన చేతుల గురించే. కొలెస్ట్రాల్ పెరిగింది అంటే అది సగం మాటేనండి. ఏది పెరిగింది? అది తెలీకుండా గుడ్డు మానేసి, నూనె మానేసి, మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయించుకుని, మేడమ్ నేను అన్నీ మానేశాను అయినా తగ్గలేదు అంటారు. మానేసింది నిజమే, కాదనను, కానీ మానాల్సింది మానలేదు కదా. ఎల్‌డీఎల్ పెరిగినాయన కంచం వేరు, ట్రైగ్లిజరైడ్స్ పెరిగినాయన కంచం వేరు. ఇద్దరికీ ఒకటే డైట్ షీట్ ఇస్తే ఎట్లా పనిచేస్తుంది?

మీ రిపోర్ట్ తీసి చూసుకోండి, ఫోన్లో పీడీఎఫ్ ఉంటే అది తీయండి. పైన టోటల్ కొలెస్ట్రాల్ అని ఉంటుంది, దాన్ని వదిలేయండి, నిజంగానే వదిలేయండి. కింద మూడు ఉంటాయి. ఎల్‌డీఎల్, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్. ఎల్‌డీఎల్ మామూలు మనిషికి 100 లోపు ఉంటే మంచిది. గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంట్ పడ్డవాళ్లకి 100 చాలదు, యూరప్ గుండె డాక్టర్లు 55 లోపు అన్నారు, మన దేశంలో లిపిడ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వాళ్లు 50 లోపు అంటున్నారు. అందుకని పక్కింటాయనకి 95 ఉంటే నార్మల్ అన్నారు, నాకు అదే 95కి మాత్ర రాశారు, ఈ డాక్టర్ డబ్బులకోసం రాశాడు అనుకోవద్దు. మనిషిని బట్టి హద్దు మారుతుంది. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి. హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40 పైన, ఆడవాళ్లకి 50 పైన ఉండాలి.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలీదు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్కగడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌ని అయిదుతో భాగించి అదీ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క నమ్మడానికి లేదు. రాత్రి పార్టీ చేసుకుని పొద్దున్నే రక్తం ఇచ్చి వస్తారు కొందరు, నవ్వకండి సార్, ఉన్నారు, వాళ్ల ట్రైగ్లిజరైడ్స్ పెరిగి, ఎల్‌డీఎల్ కాగితం మీద తక్కువ కనిపించి అబ్బ బాగుంది అనుకుంటారు. అప్పుడు డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయమని అడగాలి.

ఇప్పుడు ఎల్‌డీఎల్ సంగతి. ఇది ఎందుకు పెరుగుతుంది? తిన్న కొలెస్ట్రాల్ వల్ల అనుకుంటాం. ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒళ్లే తయారుచేసుకుంటుందండి, తిండిలోంచి వచ్చేది తక్కువ. మరి తిండితో సంబంధం ఎక్కడ? రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని లాక్కుని లోపలికి తీసుకెళ్లడానికి లివర్ మీద రిసెప్టర్లు ఉంటాయి. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అని ఇద్దరు అమెరికా డాక్టర్లు వీటిని కనిపెట్టారు, దానికి 1985లో నోబెల్ ఇచ్చారు. పొద్దున్నే మన వీధిలోకి వచ్చే చెత్త ఆటోలు అనుకోండి వాటిని. శాచురేటెడ్ ఫ్యాట్ ఎక్కువ తింటే ఆ ఆటోలు తగ్గిపోతాయి. చెత్త అంతే ఉన్నా ఎత్తేవాళ్లు లేరు, వీధిలోనే పడుంటుంది. రక్తనాళాల గోడల్లో చేరేది అదే.

శాచురేటెడ్ ఫ్యాట్ అంటే ఎక్కడుంటుంది? నెయ్యిలో 60 శాతం పైనే. కొబ్బరినూనెలో 90 దాకా. పామాయిల్‌లో దాదాపు సగం. వెన్న, మీగడ, చీజ్, మటన్ కొవ్వు. అదే పల్లీనూనెలో 20 లోపు, నువ్వులనూనెలో 15 చుట్టుపక్కల, సన్‌ఫ్లవర్‌లో 11, తవుడునూనెలో 20, 22 అట్లా. ఇప్పుడు చెప్పండి, మీ ఇంట్లో పామాయిల్ వాడతారా? ఎవరూ వాడరు. వాడం మేడమ్, మేము ఫలానా బ్రాండ్ అంటారు. మరి బిస్కెట్ ప్యాకెట్ వెనక చదివారా? మిక్చర్ ప్యాకెట్? బేకరీలో ఎగ్ పఫ్, కర్రీ పఫ్? రోడ్డు మీద మిర్చి బజ్జీ, పునుగులు ఏ నూనెలో వేస్తున్నాడో అడిగారా? ఇంట్లోకి తెచ్చుకోని పామాయిల్‌ని మనం బయట తింటున్నాం.

అందుకే మేము శుద్ధ శాకాహారులం, మాకు కొలెస్ట్రాల్ ఏంటి మేడమ్ అంటే నాకు నవ్వొస్తుంది. పొద్దున టిఫిన్ సెంటర్‌లో నెయ్యి కారం దోశ, దాని మీద ఇంకో వెన్న ముద్ద, మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి, చిక్కటి గేదె పాల పెరుగు, సాయంత్రం ఇరానీ చాయ్‌లో నాలుగు ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని, రాత్రి పనీర్ బటర్ మసాలా. ఎక్కడా మాంసం లేదు. ఎల్‌డీఎల్ మాత్రం 170.

లెక్క చెప్తా వినండి. ఎల్‌డీఎల్ పెరిగిన మనిషి రోజులో తినే కేలరీల్లో శాచురేటెడ్ ఫ్యాట్ 7 శాతం లోపు ఉండాలి అంటారు. 2000 కేలరీలు తినేవాళ్లకి అది 15 గ్రాములు. ఒక పెద్ద చెంచా నెయ్యిలోనే 8, 9 గ్రాములు పోతుంది. ఒక్క చెంచా! ఇంకా పాలున్నాయి, పెరుగుంది, కూరలో నూనె ఉంది. నెయ్యి తినొద్దని నేను అనను. ఇంట్లో పెద్దవాళ్లు కొడతారు నన్ను. చిన్న చెంచా, రోజుకి ఒక్కసారి, అదీ వాసన తెలిసేట్టు వేడి అన్నంలో మొదటి ముద్దకి. మూకుట్లో నెయ్యి పోసి పోపు పెట్టడం, దోశ చుట్టూ పోయడం వద్దు.

ఏంటమ్మా? గట్టిగా చెప్పండి. గిర్ ఆవు నెయ్యి, ఏ2 నెయ్యి వాడుతున్నాం అంటున్నారా? లీటరు ఎంత పెట్టి కొన్నారు? బాబోయ్. అమ్మా, ఏ2 అన్నది పాలల్లో ప్రోటీన్ గురించి. నెయ్యి అంటే ఉన్నదంతా కొవ్వే, అందులో ప్రోటీన్ ఎక్కడిది? గిర్ ఆవైనా జెర్సీ ఆవైనా మన గేదె అయినా లివర్‌కి తెలిసేది శాచురేటెడ్ ఫ్యాట్ ఒక్కటే. గానుగ నూనె కూడా అంతే, ఈ మధ్య ప్రతి సందులో గానుగ పెట్టారు కదా, వాసన బాగుంటుంది, రుచి బాగుంటుంది, కొనుక్కోండి, కానీ గానుగలో ఆడించిన కొబ్బరినూనెలో కూడా శాచురేటెడ్ 90 శాతమే. ఇంకోటి, నూనె ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ ఫ్రీ అని పెద్దగా రాస్తారు. గింజల్లోంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదండి, అది ఆ కంపెనీ గొప్పతనం ఏం కాదు.

వనస్పతి గురించి ఎక్కువ చెప్పను. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్, అంటే నూనెని వనస్పతిలా గట్టిపరిచేటప్పుడు పుట్టే చెడ్డ కొవ్వు, 2 శాతం దాటకూడదని మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ పెట్టింది, మంచి పని. కానీ ట్రాన్స్ ఫ్యాట్ తీసేసి దాని ప్లేసులో పామాయిల్ పెడితే మనకి సగమే లాభం. ఇక కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచే బండి దగ్గరికి మాత్రం వెళ్లకండి, ఆ నల్లటి నూనె చూస్తే మీకే తెలుస్తుంది.

సరే, తినడం తగ్గించాల్సినవి చెప్పాను, ఇప్పుడు ఎక్కువగా తినాల్సినవి చెప్తా. ఇదే నాకు ఇష్టమైన భాగం. కెనడాలో టొరంటోలో జెన్‌కిన్స్ అని ఒక డాక్టర్ ఉన్నారు. 2003లో వాళ్లు 46 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి కొవ్వు తక్కువ ఉన్న మామూలు డైట్, రెండో గుంపుకి అదే డైట్‌తో పాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, మూడో గుంపుకి ఎంచి ఎంచి పెట్టిన తిండి. నెల రోజుల్లో మొదటి గుంపుకి ఎల్‌డీఎల్ 8 శాతం తగ్గింది, మాత్ర వేసుకున్నవాళ్లకి 31 దగ్గర, మూడో గుంపుకి మాత్ర లేకుండా 28 పైన తగ్గింది. ఏం పెట్టారో తెలుసా వాళ్లకి? ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్, బాదం, సోయా, కొలెస్ట్రాల్‌ని ఒంటికి పట్టనివ్వని మొక్కల స్టెరాల్స్ కలిపిన మార్జరిన్, అంటే నూనెతో చేసిన వెన్నలాంటిది. ఇంకా? బెండకాయ, వంకాయ! అవునండి, టొరంటోలో వాళ్లకి బెండకాయ వంకాయ పెట్టి ఎల్‌డీఎల్ తగ్గించారు. మన రైతుబజార్లో కుప్పలు పోసి అమ్ముతుంటే మన పిల్లలేమో జిగురు అని పక్కన పెడతారు.

ఆ జిగురే మందు. కరిగే పీచు అంటాం దాన్ని. లివర్ కొలెస్ట్రాల్ వాడి పిత్తరసం తయారుచేసి పేగుల్లోకి వదులుతుంది, మళ్లీ అందులో ఎక్కువ భాగం వెనక్కి లాగేసుకుంటుంది. ఈ జిగురు పీచు దాన్ని పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోతుంది. అప్పుడు లివర్ కొత్త పిత్తరసం చేసుకోవడానికి రక్తంలోంచి ఎల్‌డీఎల్ లాక్కోవాలి. ఓట్స్‌లో, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకి 3 గ్రాములు తింటే ఎల్‌డీఎల్ 5 శాతం దాకా తగ్గుతుంది. ఓట్స్ నచ్చకపోతే బార్లీ నానబెట్టి ఉడికించి ఉప్మా చేసుకోండి, ఎవరూ కనిపెట్టలేరు. శనగలు, రాజ్మా, ఉలవలు, పెసలు, పొట్టుతో సహా తినండి. పెసరట్టు ఉంది కదా, దానికన్నా మంచి టిఫిన్ ఏముంది చెప్పండి, కాకపోతే లోపల ఉప్మా పెట్టి పైన నెయ్యి పోయకండి. గోరుచిక్కుడు, చిక్కుడు, బెండ, వంకాయ, జామకాయ. మెంతులు నానబెట్టి తినండి, అవిసె గింజలు వేయించి కారప్పొడి కొట్టుకోండి. రోజూ గుప్పెడు బాదం లేదా పల్లీలు, వేయించినవి సరే, నూనెలో వేపినవి కాదు.

వంకాయ అన్నాను కదా అని గుత్తివంకాయ చేసుకుని పైన నూనె తేలేట్టు దింపితే మాత్రం నన్నడగొద్దు. ఇంట్లో నూనె సంగతి, నేనైతే ఒక మనిషికి నెలకి అర లీటరు చెప్తాను. నలుగురుంటే రెండు లీటర్లు. ఒకటో తారీఖున విడిగా ఒక డబ్బాలో పోసి పెట్టుకోండి, ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఎక్కడికి పోతుందో మీకే తెలుస్తుంది.

ఇసబ్‌గోల్ కూడా మంచిదే, ఒక చెంచా పొద్దున, ఒక చెంచా సాయంత్రం, నిండా గ్లాసు నీళ్లలో. నీళ్లు తక్కువైతే గొంతులో, పేగులో అడ్డం పడుతుంది, జాగ్రత్త. థైరాయిడ్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకండి, మందుల్ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు, కొన్ని గంటలు ఎడం ఉండాలి.

గుడ్డు. నాకు తెలుసు మీరంతా దీని కోసమే ఎదురుచూస్తున్నారు. ఒక పచ్చసొనలో 180 మిల్లీగ్రాముల పైన కొలెస్ట్రాల్ ఉంటుంది, నిజమే. ఒకప్పుడు అమెరికా వాళ్లు రోజుకి 300 దాటొద్దు అనేవాళ్లు, 2015లో ఆ లెక్క తీసేశారు. అంటే కావలసినంత తినమని కాదు. గుడ్డులో శాచురేటెడ్ ఫ్యాట్ ఒకటిన్నర గ్రాములే, అందుకని చాలామందికి రోజుకో గుడ్డు ఇబ్బంది పెట్టదు. షుగర్ ఉన్నవాళ్లు, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్నవాళ్లు వారానికి మూడు నాలుగు చేసుకోండి. నాకు బాధ ఎక్కడంటే, పచ్చసొన తీసి డస్ట్‌బిన్‌లో వేసి తెల్లసొన తిని, అదే ప్లేట్లో రెండు పూరీలు పెట్టుకుంటారు చూడండి, అక్కడ.

ఇక రెండో కంచం. ట్రైగ్లిజరైడ్స్. ఇది మన ఊరి జబ్బు అంటాను నేను. మన దేశంలో ఎక్కువ కనిపించేది ఏంటంటే ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, ఎల్‌డీఎల్ చూస్తే మరీ ఎక్కువేం ఉండదు, పొట్ట మాత్రం ముందుకుంటుంది. దీనికి నూనె మానేస్తే తగ్గదు. ఎందుకంటే ఇది ఎక్కువగా అన్నం, మైదా, చక్కెర, మందు, వీటి వల్ల వస్తుంది. మిగిలిపోయిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వు చేసి రక్తంలోకి పంపిస్తుంది. కంచం నిండా తెల్లన్నం, మీద చారు, మళ్లీ పెరుగన్నం, నూనె చుక్క లేదు మేడమ్ అంటారు. నూనె లేదు, అన్నం ఎంతుంది?

అన్నం మానమని చెప్పను, మానలేరు, మానినా రెండు వారాలే. మొదట కూర, పప్పు వడ్డించుకోండి, అన్నం దాంట్లో సగమే. ఒక పూట జొన్నరొట్టె. జొన్నరొట్టె మంచిదని ఆరు రొట్టెలు తింటే మళ్లీ మొదటికే. చాయ్‌లో చక్కెర, రోజుకి అయిదు చాయ్‌లు తాగే ఆఫీసు వాళ్లు లెక్కేసుకోండి. జ్యూస్ వద్దు, పండు తినండి. మందు సంగతి, కల్లైనా విస్కీ అయినా ట్రైగ్లిజరైడ్స్‌కి తేడా లేదు. 500 దాటితే గుండె కన్నా ముందు పాంక్రియాస్, అదే క్లోమం, వాచే ప్రమాదం ఉంది, ఆ కడుపునొప్పి చూసినవాళ్లు మళ్లీ గ్లాసు ముట్టరు.

మంచి మాట ఏంటంటే ఇది తొందరగా తగ్గుతుంది. 80 కిలోలున్న మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గితే ట్రైగ్లిజరైడ్స్ 20 శాతం దాకా దిగొచ్చు. నడక కూడా దీనికే ఎక్కువ పనిచేస్తుంది. నడిస్తే ఎల్‌డీఎల్ పెద్దగా తగ్గదండి, ఇది ఎవరూ చెప్పరు, కేబీఆర్ పార్క్ చుట్టూ రోజూ తిరుగుతున్నా ఎల్‌డీఎల్ కదల్లేదని నిరాశపడేవాళ్లు ఉన్నారు. నడక ట్రైగ్లిజరైడ్స్‌ని దించుతుంది, హెచ్‌డీఎల్‌ని కాస్త లేపుతుంది, షుగర్, బీపీ బాగుంటాయి. వారానికి 150 నిమిషాలు, ఆయాసం తెలిసేట్టు, పక్కనవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. నడక అయ్యాక గేటు దగ్గర బండి మీద ఇడ్లీ వడ తిని ఇంటికెళ్లేవాళ్లని కూడా చూస్తాను, నేను పేర్లు చెప్పను. సిగరెట్ తాగేవాళ్లకి హెచ్‌డీఎల్ తగ్గుతుంది, మానేస్తే మళ్లీ లేస్తుంది. హెచ్‌డీఎల్ పెంచే మాత్ర ఉందా అంటే, నియాసిన్ అనే విటమిన్ ఇచ్చి పెంచి చూశారు, నంబర్ పెరిగింది కానీ గుండెపోట్లు తగ్గలేదు.

ఇప్పుడు కొంచెం సీరియస్‌గా వినండి. తిండితో అందరికీ తగ్గుతుందా? తగ్గదు. ఇంట్లో వండుకుని, శ్రద్ధగా చేస్తే ఎల్‌డీఎల్ 15, 20 శాతం తగ్గొచ్చు. 140 ఉన్నాయనకి 115 అవుతుంది, సంతోషం. 210 ఉన్నావిడకి 170 అవుతుంది, అది చాలదు. 190 దాటిందంటే పుట్టుకతో వచ్చినదేమో చూడాలి, అలాంటివాళ్లు దాదాపు 250 మందిలో ఒకరు ఉంటారు. వాళ్లు సన్నగా ఉండొచ్చు, రోజూ పరిగెత్తొచ్చు. ఇంట్లో నలభై ఏళ్లకే గుండెపోటుతో పోయినవాళ్లు ఉన్నారా, కంటి రెప్పల దగ్గర పసుపు పచ్చ మచ్చలు ఉన్నాయా, మడమ వెనక టెండన్, అంటే కండని ఎముకకి కలిపే తాడు, లావుగా ఉందా, చూసుకోండి. ఉంటే పిల్లలకి కూడా టెస్ట్ చేయించాలి. ఇంకోటి, ఎల్‌డీఎల్ పెరిగిన ప్రతి ఆడమనిషికి నేను ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్ట్ రాస్తాను. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, థైరాయిడ్ సరిచేస్తే అదే దిగుతుంది.

ఆ సార్ అడగండి. స్టాటిన్ మాత్ర ఒకసారి మొదలుపెడితే జీవితాంతమా, తిండి సరిచేసుకున్నాను కదా మానేయొచ్చా అని. సార్, మీకు స్టెంట్ ఉందన్నారు కదా, మీరు మానొద్దు, మీ కార్డియాలజిస్ట్ చెప్పేదాకా అసలు మానొద్దు. వాట్సాప్‌లో వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, వెనిగర్ మరగబెట్టిన సిరప్ వస్తుంది చూడండి, అది చూసి మాత్ర ఆపేసి మళ్లీ ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు ఉన్నారు. వెల్లుల్లి కూరలో వేసుకోండి, మంచిది. కానీ మాత్ర వేసుకునేవాళ్లకి తిండి అక్కర్లేదు అనుకోవద్దు. స్టాటిన్ డోస్ డబుల్ చేస్తే అదనంగా తగ్గేది 6 శాతమే. ఇందాక చెప్పిన బెండకాయ, బార్లీ, పప్పుల పీచుతోనే 5 శాతం వస్తుంది, నెయ్యి తగ్గిస్తే ఇంకొంత. అంటే మీ వంటింట్లో మీరు చేసే మార్పు మాత్ర డోస్ రెట్టింపు చేసినదానితో సమానం, ఒళ్లు నొప్పులు కూడా ఉండవు. నొప్పులు వస్తే చెప్పండి, మందు మార్చొచ్చు, మీ అంతట మీరు ఆపొద్దు.

ఏంటి బాబూ? హలీమా? రంజాన్‌లో నెల రోజులు రోజూ తింటావా? గోధుమలు, పప్పులు ఉన్నాయి కదా అంటున్నాడు, తెలివైనవాడు. పైన తేలే నెయ్యి సంగతేంటి మరి? వారానికోసారి, చిన్న ప్లేటు, ఇంకో ఇద్దరితో పంచుకుని తిను. బిర్యానీ కూడా అంతే, ఫ్యామిలీ ప్యాక్ తెచ్చుకుని ఇద్దరు తినకండి. సంక్రాంతికి సకినాలు డబ్బా నిండా చేసుకుని శివరాత్రి దాకా తింటాం, పండగ మూడు రోజులే కదా.

మళ్లీ టెస్ట్ ఎప్పుడు అని అడుగుతున్నారు. తిండి మార్చాక ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి చేయించండి, పది రోజులకే చేయించి డబ్బులు పోగొట్టుకోకండి. అదే ల్యాబ్‌లో చేయించండి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్లు పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఇవ్వండి, మిగతావాళ్లకి పరగడుపు అంత పట్టింపు లేదు.

రిపోర్టులు తెచ్చినవాళ్లు ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి, ఒక్కొక్కరు. థైరాయిడ్ రిపోర్ట్, ఇప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు కూడా చేతిలో పెట్టుకోండి. తేనివాళ్లు ఇవాళ ఇంటికెళ్లి ఏది పెరిగిందో చూసుకుని ఆ నంబర్ రాసిపెట్టుకుంటే వచ్చే నెల మాట్లాడదాం.